కారణం గడి

అక్టోబర్ 4, శనివారం

ఈ పుస్తకం మా ఆయన బయ్యూమీ తెచ్చిచ్చాడు. ఆసుపత్రి స్టోరులో కుళాయి కారి తడిసిందని పక్కన పడేసిన రిజిస్టరట. ముందు కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, లోపలివి బాగున్నాయి. "నీకు నోరెలాగూ పెగలదు. కాగితం మీదైనా మాట్లాడుకో" అని నవ్వాడు.

డ్యూటీ దిగి వచ్చి, బట్టలు ఆరేసి, మేడ మీద పావురాల గూడు నీడలో కూర్చున్నాను. అయిదో తరగతి తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే.

ఉద్యోగంలో చేరి నెలైంది. పిచ్చాసుపత్రిలో, కోర్టు పంపిన ఆడవాళ్ల వార్డు. ముప్ఫై ఎనిమిది మంది. మూడు తాళాలు తీస్తేగాని లోపలికి పోలేం. బయ్యూమీ ఎదురు గోడ అవతల, మగవాళ్ల వార్డుల్లో చేస్తాడు. పెళ్లయి రెండేళ్లు. పొద్దున ఇద్దరం ఒకే మైక్రోబస్సులో వెళ్తాం, గేటు దగ్గర విడిపోతాం. మూడు నెలలు చూసి నన్ను ఖాయం చేస్తారట. అది పెద్ద నర్సు రయ్యిసా నిఅమత్ చేతిలో ఉంది.

నాతో పనిచేసే ఉమ్ హాషిమ్‌కి ఇక్కడ ఇరవై రెండేళ్ల సర్వీసు. చదువు రాదు. అందుకని రయ్యిసా గొడవల రిజిస్టరు నాకు అప్పగించింది. తేదీ, టైము, పేరు, ఏం జరిగింది, కారణం, ఏం చేశాం. ఆరు గడులు. కారణం గడిలో అన్ని పేజీల్లోనూ 'లేదు' అని ఉంది. నా కంటే ముందు రాసినామె పై మాటే అన్నట్టు కింద కింద చుక్కలు పెట్టుకుంటూ పోయింది.

అతియాత్ పేరు ఆ రిజిస్టరులో అయిదు నెలలుగా లేదు. నవంబర్ మూడున కమిటీ. ఆరు నెలలు పేరు రాకుండా ఉంటే ఇంటికి పంపడానికి ఒప్పుకుంటారు. ఎనిమిదేళ్ల కిందట, బుర్రలో మాటలు వినిపించే రోజుల్లో, మొగుడు పడుకున్న పరుపుకి నిప్పు పెట్టిందట. అతను కాలు కాలి బతికాడు, ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అప్పుడు ఏడేళ్ల కూతురు విదాద్‌కి ఇప్పుడు పదిహేను. తంతా ఊళ్లో పెద్దమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ పెద్దమ్మే అతియాత్‌ని తీసుకెళ్తానని సంతకం పెట్టింది. సంతకం పెట్టే మనిషి ఉన్నది మా వార్డులో ముగ్గురికే.

అక్టోబర్ 6, సోమవారం

పొద్దున పేర్లు పిలవడం నా వంతు. నా గొంతు పదో మంచం దాటదు. చివరి మంచాల వాళ్లు "ఏంటీ? ఎవరూ?" అని అరుస్తారు. రేపు గట్టిగా పిలవాలి.

అక్టోబర్ 9, గురువారం

గురువారం దువ్వెనల రోజు. శుక్రవారం చూడటానికి ఎవరైనా వస్తారేమోనని అందరికీ తల దువ్వుతాం. ఎవరూ రారని తెలిసినవాళ్లు కూడా వరసలో కూర్చుంటారు. దువ్వెనలు చెక్కవి. నా దువ్వెన తాడుతో నా నడుముకే కట్టి ఉంటుంది, వాళ్ల చేతికి ఇవ్వకూడదు.

పేర్లు పిలుస్తుంటే అతియాత్ నా వెనక నిలబడి నాలాగే తల వంచి, నాలాగే ముసుగు కొస నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్కో పేరూ మళ్లీ పలికింది. అచ్చం నా గొంతే. తర్వాత "గొంతెత్తు, పెళ్లికూతురా! దుప్పటి కింద పిల్లి ఈనినట్టుంది!" అంది.

వార్డంతా నవ్వింది. మూడేళ్లుగా నోరు విప్పని ఆవిడ కూడా నవ్వింది. ఉమ్ హాషిమ్ నవ్వు ఆపుకోలేక బకెట్టు మీద కూర్చుంది.

నాకేం కోపం రాలేదు. పాపం, జబ్బు మనుషులు.

అక్టోబర్ 10, శుక్రవారం

మా అమ్మ ఒకసారి మా అత్తగారితో అంది: "మా ఇన్షిరాహ్‌ని ఏమన్నా పడుతుంది, ఎదురు చెప్పదు. ఇన్నేళ్లలో చీమ మీద కూడా చెయ్యెత్తలేదు." పెళ్లి మాటల్లో అన్నమాట. ఎందుకో ఈ రోజు గుర్తొచ్చింది.

అక్టోబర్ 12, ఆదివారం

డాక్టర్ లమియా కొత్తగా వచ్చింది. చిన్నదే. పొద్దుటి నుంచి రెండు వైపుల రిజిస్టర్లు ముందేసుకుని వేళ్ల మీద లెక్కపెడుతోంది.

"ఉమ్ హాషిమ్, అటు మూడొందల మంది మగాళ్లు. ఆరు నెలల్లో పంతొమ్మిది గొడవలు. ఇటు ముప్ఫై ఎనిమిది మంది. అరవై రెండు. ఏంటి సంగతి?"

"ఆడవాళ్లు కదా డాక్టరమ్మా. మగాడికి కోపమొస్తే కొడతాడు. ఆడది కొట్టిందంటే బుర్ర తిరిగినట్టే."

"మొన్న నీ కోడలు నిన్ను గరిటెతో కొట్టిందన్నావు?"

"దాని బుర్రకేం, దివ్యంగా ఉంది! దానిది పొగరు."

డాక్టరమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత ఆమె నా వైపు తిరిగి, "ఈ కారణం గడిలో అన్నిటికీ 'లేదు' అని ఎందుకు రాస్తారమ్మా?" అని అడిగింది. గోడకేసి చూశాను. ఆమె రిజిస్టర్లు తీసుకుని వెళ్లిపోయింది.

అక్టోబర్ 14, మంగళవారం

మళ్లీ పిల్లి. ఇప్పుడు భోజనాల దగ్గర కూడా. నేను పప్పు చారు పోస్తుంటే ఇద్దరు ముగ్గురు "మ్యావ్" అంటున్నారు. మొదలుపెట్టింది అతియాతే. నాకేం కోపం రాలేదు.

అక్టోబర్ 16, గురువారం

అతియాత్ నన్ను కొట్టింది. రేకు గ్లాసుతో. ఎడమ కనుబొమ్మ మీద రెండు కుట్లు.

నేనేం చేయలేదు. తల దువ్వుతున్నాను, అంతే. ఉన్నట్టుండి లేచి కొట్టింది.

నలుగురు పట్టుకున్నారు. సూది వేశారు. ఒంటరి గదిలో పెట్టారు. రయ్యిసా నా ముఖం కడిగి, "చూడు, కన్ను పోయేది. రాయి" అంది. ఉదయం 9.40. అతియాత్. ఉద్రేకం, సిబ్బందిపై దాడి. కారణం: లేదు. సూది, ఒంటరి గది.

"దెబ్బ తిన్నా ఎంత చక్కగా రాశావే!" అంది రయ్యిసా.

అక్టోబర్ 17, శుక్రవారం

సెలవు. బయ్యూమీ పొద్దున్నే ఉడకబెట్టిన ఫూల్ చిక్కుడు గింజలు, వేడి రొట్టెలు, ఒక సంచీడు జామకాయలు తెచ్చాడు. ఇల్లంతా జామ వాసన. నన్ను కదలనివ్వలేదు, టీ కూడా తనే పెట్టాడు.

నన్ను నవ్వించాలని నిన్న వాళ్ల వైపు జరిగిన కథ చెప్పాడు. గమాల్, ఇంకొకడు, బీడీ ముక్క దగ్గర తగువుపడ్డారు. గమాల్ గుద్దితే అవతలివాడి ముందు పన్ను ఊడి చేతిలోకి వచ్చింది. వీళ్లేం చేశారంటే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకే పళ్లెంలో రెండు గ్లాసుల టీ పెట్టారు. తప్పు ఎవరిదో వాడు అవతలివాడి తల మీద ముద్దు పెట్టాలి. గమాల్ పెట్టాడు. సంధి అయిపోయింది. సాయంత్రానికి ఇద్దరూ డొమినో ఆడుకుంటున్నారు.

"రిజిస్టరులో ఏం రాశారు?" అన్నాను.

"ఏం రాస్తాం? మగాళ్లన్నాక రక్తం మరుగుతుంది. అవన్నీ రాస్తే రిజిస్టర్లు సరిపోతాయా?"

"పన్ను ఊడింది కదా."

"టీ తాగారు కదా" అన్నాడు.

అక్టోబర్ 19, ఆదివారం

అతియాత్‌ని బయటికి తెచ్చారు. మూడు రోజులకే బుగ్గలు లోపలికి పోయాయి. సూది మత్తులో నాలుక మందంగా ఉంది. మంచం మీద కూర్చుని నా కుట్ల వైపు చాలాసేపు చూసింది. భయపడి ఉమ్ హాషిమ్ పక్కకి జరిగాను.

ఉమ్ హాషిమ్ నీళ్లకి వెళ్లినప్పుడు అతియాత్ అడిగింది.

"పెళ్లికూతురా. రాశావా?"

ఆమెకి చదువు రాదు. ఆ రిజిస్టరు ఆమె ముఖం మీద పెట్టినా తెలియదు.

"లేదు" అన్నాను.

"నిజంగా?"

"రాయలేదు."

ఆమె నా చెయ్యి పట్టుకుని అరచేతిని తన కళ్లకద్దుకుంది. దువ్వెన పట్టుకునే చెయ్యి అది.

అక్టోబర్ 20, సోమవారం

వార్డంతా చెప్పుకుంటోంది. "పెళ్లికూతురిది బంగారు మనసు. నెత్తురు కారినా రాయలేదు." ఇప్పుడెవరూ మ్యావ్ అనడం లేదు. పేర్లు పిలుస్తుంటే అతియాత్ అందరినీ కసురుతోంది: "ష్! అమ్మాయి మాట వినబడనివ్వండి!"

అక్టోబర్ 21, మంగళవారం

ఏమీ లేదు. చెయ్యి నొప్పిగా ఉంది, కుడి చెయ్యి.

అక్టోబర్ 23, గురువారం

దువ్వెనల రోజు. కుట్లు లాగుతున్నాయని చెప్పి నేను దువ్వలేదు, ఉమ్ హాషిమ్ ఒక్కతే చేసింది. అతియాత్ మాత్రం నా ముందుకొచ్చి కూర్చుంది. "రేపు మా అక్క వస్తుంది. నువ్వే దువ్వు. నీ మీద నాకేం లేదు."

చేత్తో నిమిరి జడ వేశాను. దువ్వెన తీయలేదు.

ఆమె తల వెనక, చెవికి కొంచెం పైన, అరచేతిలో సగమంత చోట జుట్టు లేదు. పక్కనే ఎండిన చెక్కు.

పదహారో తేదీన చిక్కు తీసేటప్పుడు కొంచెం లాగాను. చిక్కు గట్టిది. ఎవరు తీసినా లాగుతుంది.

అక్టోబర్ 24, శుక్రవారం

సెలవు తీసుకోలేదు. వాళ్ల అక్క ఫతియ్యాని చూడాలనిపించింది. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పి. అన్నం కూరిన చిన్న గుమ్మడికాయలు గిన్నె నిండా తెచ్చింది. విదాద్‌ని తేలేదు, ఫోటో తెచ్చింది. అతియాత్ ఫోటో తీసుకుని ముందు వెనక్కి తిప్పి చూసింది, వెనకవైపు కూడా ఏమైనా ఉంటుందేమోనన్నట్టు.

"ఇది నా పిల్లేనా అక్కా? ఎముకలు ఎవరివే?"

"నీవే. నోరు కూడా నీదే. నిన్న వాళ్ల టీచరుకి ఎదురు చెప్పి వచ్చింది."

ఇద్దరూ నవ్వారు. వెళ్లేటప్పుడు ఫతియ్యా గేటు దగ్గర నన్ను ఆపింది. "అమ్మాయ్, నువ్వు మంచిదానివని మా చెల్లి చెప్పింది. నీకు చెప్తున్నా. ఈ సంతకానికి మా ఆయన్ని ఏడాది బతిమాలాను. ఈసారి కమిటీ పంపకపోతే ఇంక నా వల్ల కాదు. ఆయన మళ్లీ ఒప్పుకోడు. కొంచెం చూసుకో తల్లీ."

"అలాగే" అన్నాను.

నేనేం చేయగలను? రిజిస్టరులో రాసింది చెరపకూడదు. పేజీలకి నంబర్లుంటాయి.

అక్టోబర్ 26, ఆదివారం

అతియాత్ కమిటీకి మాటలు వల్లె వేస్తోంది. ఉమ్ హాషిమ్ చీపురు పట్టుకుని కమిటీ పెద్దాయన అయింది.

"నిన్ను పంపితే ఏం చేస్తావ్?"

"మా అక్కకి మోకాళ్లు పట్టిస్తానండీ. మందులేసుకుంటానండీ. అగ్గిపెట్టె ముట్టుకోనండీ."

"మరి టీ ఎలా పెడతావ్?"

"మా పిల్ల పెడుతుందండీ. నా పిల్ల చేతి టీ ఇంతవరకు తాగలేదండీ."

చీపురు ఆగిపోయింది. తర్వాత ఉమ్ హాషిమ్ "పెద్దాయనకి కూడా ఓ గ్లాసు పంపు" అని గద్దించింది. అందరూ నవ్వారు.

"రిజిస్టరులో నీ పేరుందా?" అని ఎవరో మూలనుంచి అడిగారు.

"లేదండీ!" అంది అతియాత్, నా వైపు చూసి.

అక్టోబర్ 28, మంగళవారం

మైక్రోబస్సు పంక్చరైతే గంట నడిచి వచ్చాను. నడుస్తున్నంతసేపూ ఇది ఎలా రాయాలా అనుకున్నాను. ఇక రాస్తాను.

పదహారో తేదీ కింద రాసింది నిజం కాదు. చిక్కు గురించి రాసిందీ నిజం కాదు.

ఆ రోజు అతియాత్ నా ముందు బల్ల మీద కూర్చుంది. నేను దువ్వుతున్నాను. ఆమె చూపు గోడ మీద ఉంది, నా గొంతుతో పేర్లు పలుకుతోంది. పెద్దగా కాదు, తనలో తాను. పక్కనున్న ఇద్దరు నవ్వారు. వార్డు మొత్తం కూడా కాదు, ఇద్దరే. ఆమె జుట్టు గుప్పెడు నా చేతికి చుట్టుకున్నాను. చుట్టుకుని లాగాను. ఆమె తల వెనక్కి వాలి ముఖం నాకు తలకిందులుగా కనబడింది. ఆమె "వదులు, వదులమ్మా" అంది. అమ్మా అంది. వదల్లేదు. దువ్వెన వీపుతో చెంప మీద కొట్టాను. ఒకసారి కాదు. రెండుసార్లు.

అప్పుడు గ్లాసు తీసి కొట్టింది.

రాయడానికి చెయ్యి రానిది ఇంకొకటుంది. కొట్టినప్పుడు నాకు హాయిగా అనిపించింది. బడిలో వెనక బల్ల మీద కూర్చున్న రోజు నుంచీ, నన్ను "ఏంటీ? వినబడలేదు" అన్న ప్రతివాళ్లూ ఆ చెంప మీద ఉన్నారు. చెయ్యి తేలికైపోయింది. గ్లాసు తగలకపోతే మూడోసారీ కొట్టేదాన్ని.

నాకు పిచ్చి లేదు. కోపం వచ్చింది. ఆమెకూ కోపమే వచ్చింది. ఆమెకి సూది వేశారు. నాకు గోరువెచ్చని నీళ్లతో ముఖం కడిగారు.

అక్టోబర్ 29, బుధవారం

బయ్యూమీకి చెప్పాను. భోజనం దగ్గర. మొలోఖియా ఆకు పులుసు చల్లారిపోయింది.

"నేనే ముందు కొట్టాను."

"ఎవర్ని?"

"అతియాత్‌ని. దువ్వెనతో."

నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదది, ముద్దొచ్చి నవ్వినట్టు నవ్వాడు. "నువ్వా? పావురం పిల్ల రెక్క విరిగితే రెండ్రోజులు అన్నం తినలేదు నువ్వు. దెబ్బ తగిలి బుర్ర దిమ్మెక్కింది, లేనిపోనివి ఊహించుకుంటున్నావ్."

"జుట్టు ఊడింది. చూశాను."

"వాళ్ల జుట్టు వాళ్లే పీక్కుంటారు ఇన్షిరాహ్."

"నేను పీకాను."

ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. చాలాసేపటికి నమ్మాడు. నమ్మాక భయపడ్డాడు.

"ఎవరైనా చూశారా?"

"పక్కనున్న ఇద్దరు."

"పేషెంట్లేగా. వాళ్ల మాటెవరు వింటారు? నువ్వు నోరు మూసుకో. నీకది కష్టం కాదుగా. డిసెంబర్లో ఖాయమవుతావ్. కమిటీ మళ్లీ ఏప్రిల్‌లో ఉంటుంది, అప్పుడు పోతుందిలే ఆవిడ."

"వాళ్ల అక్క ఏప్రిల్‌కి ఒప్పుకోదు."

"ఆ పరుపుకి నిప్పు పెట్టింది నువ్వు కాదు కదా."

"గమాల్ పన్ను ఊడగొడితే టీ పోశారు కదా మీరు."

"అది వేరే" అన్నాడు.

"ఎలా వేరే?"

చెప్పడానికి నోరు తెరిచాడు. మా ఇంట్లో అలా నోరు తెరిచి ఆగిపోయేది ఎప్పుడూ నేనే.

అక్టోబర్ 30, గురువారం

రయ్యిసా గది దాకా మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఆమె తలెత్తి "ఏంటీ?" అంది. "దువ్వెనలు లెక్క సరిపోయాయి" అని వచ్చేశాను.

నవంబర్ 1, శనివారం

డాక్టర్ లమియా సెలవట. సోమవారం నేరుగా కమిటీకే వస్తుంది.

నవంబర్ 2, ఆదివారం

అతియాత్ సామాను సర్దేసింది. ఒక షాలు, రెండు గౌన్లు, ఫోటో, ఫతియ్యా తెచ్చిన సబ్బు. సబ్బు వాడలేదు. "ఇంట్లో మొదటి స్నానానికి" అంది.

రేపే.

నవంబర్ 3, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కమిటీ గదిలో పొడుగు బల్ల వెనక ముగ్గురు. మధ్యలో తెల్ల జుట్టు పెద్దాయన, ఒక పక్క డాక్టర్ లమియా, ఇంకో పక్క కోర్టు తరఫు మనిషి. రయ్యిసా కిటికీ దగ్గర నిలబడింది. పేషెంటుని తీసుకొచ్చి, రిజిస్టరు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర నిలబడాలి. అంతే నా పని.

అతియాత్ కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. మోకాళ్లు, మందులు, అగ్గిపెట్టె, అన్నీ చక్కగా చెప్పింది. పెద్దాయన తల ఊపుతూ రిజిస్టరు తిప్పాడు. తిప్పి తిప్పి ఆగాడు. పైకి చదివాడు.

"అక్టోబర్ పదహారు. అతియాత్. ఉద్రేకం, సిబ్బందిపై దాడి. కారణం లేదు. సూది, ఒంటరి గది."

అతియాత్ మొదట ఆయన వైపే చూసింది, ఇంకెవరి పేరో చదివాడన్నట్టు. తర్వాత తిరిగి నన్ను చూసింది. అరుస్తుందనుకున్నాను, లేస్తుందనుకున్నాను. తలుపు అవతల ఇద్దరు సిద్ధంగా నిలబడే ఉన్నారు. ఆమె కదల్లేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది, చేతుల మీద కూర్చుంది. వాటిని ఎవరూ చూడకుండా.

"మూడు వారాలు కూడా కాలేదు కదమ్మా" అన్నాడు పెద్దాయన. మంచిగానే అన్నాడు. కలం తీశాడు.

"ఇది రాసిందెవరు?" అంది డాక్టర్ లమియా.

రయ్యిసా నన్ను చూపించింది.

"కారణం లేదని నువ్వే రాశావా?"

నా పెదాలు కదిలాయి. నాకే వినబడలేదు.

"ఏంటీ? కొంచెం గట్టిగా చెప్పమ్మా" అన్నాడు పెద్దాయన.

మళ్లీ కదిలాయి. కోర్టు మనిషి గడియారం చూసుకున్నాడు. రయ్యిసా, "అమ్మాయి చాలా సిగ్గరి సార్. దెబ్బ తిన్నది కూడా తనే. కుట్లు చూడండి" అంది. పెద్దాయన సరేనని కాగితం మీద కలం ఆనించాడు.

అప్పుడు కుర్చీలోంచి, నా వైపు తిరక్కుండా, అతియాత్ అంది:

"గొంతెత్తు, పెళ్లికూతురా."

అందులో వెక్కిరింపు లేదు. పేర్లు పిలిచేటప్పుడు అందరినీ ష్ అనే గొంతు అది.

"కారణం ఉంది" అన్నాను. గది మొత్తానికి వినబడింది. నా గొంతు అంత లావుగా ఉంటుందని నాకు తెలియదు. "నేను ముందు కొట్టాను. జుట్టు పట్టి లాగాను. దువ్వెనతో చెంప మీద రెండుసార్లు. ఆ తర్వాతే కొట్టింది. వెనక జుట్టు లేని చోటు చూడండి. ఆమెకి ఉద్రేకం కాదు. కోపం. నాకూ కోపమే."

డాక్టర్ లమియా లేచి వచ్చి అతియాత్‌ని అడిగి ఆమె ముసుగు తీసి చూసింది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీ ఉద్యోగం సంగతి తెలిసే చెప్తున్నావా?"

"తెలుసు."

"దీనికి కొట్టడం కూడా వచ్చా?" అన్నాడు కోర్టు మనిషి. ఎవరూ నవ్వలేదు.

చెరపకూడదు కాబట్టి డాక్టరమ్మ రిజిస్టరు నా ముందుకు తోసింది. కారణం గడిలో 'లేదు' పక్కన ఒక వేలు వెడల్పు చోటు ఉంది. చిన్న అక్షరాలతో రాశాను. నేను ముందు కొట్టాను, ఇన్షిరాహ్. అతియాత్ నా చేతి వైపే చూస్తోంది. ఆమెకి చదువు రాదు. "ఏం రాశావో పైకి చదువు" అంది. చదివాను.

బయటికొచ్చాక రయ్యిసా అంది: "నీ వల్ల ఇప్పుడు నా అరవై రెండు గొడవలూ మళ్లీ చదువుతారు." కోపంగానే అంది. కానీ ఆగి, అరవై మూడు అని సరిచేసుకుంది.

నవంబర్ 4, మంగళవారం

కమిటీ నిర్ణయం: పదహారో తేదీ లెక్కలోకి రాదు. సూదుల తర్వాత ఆమె ఎలా ఉందో రెండు వారాలు చూస్తారు. ఏమీ లేకపోతే పంతొమ్మిదిన పంపుతారు. డాక్టరమ్మే ఫతియ్యాకి ఫోన్ చేసిందట.

నా సంగతి: వార్డులో వద్దన్నారు. శనివారం నుంచి బట్టలుతికే చోటికి. ఖాయం చేసే మాట మళ్లీ మొదటినుంచి. దాని మీద కాగితం రాస్తే సంతకం పెట్టాను. పేషెంటుని కొట్టినందుకు అని ఉంది. కారణం కూడా రాయమన్నారు. చాలాసేపు ఆలోచించి, వెక్కిరించింది అని రాశాను. రాశాక ఎంత చిన్నగా కనబడిందో.

బయ్యూమీ నాతో మాట్లాడటం లేదు. "అటువైపు వాళ్లంతా నన్నడుగుతున్నారు, ఇంట్లో హెల్మెట్ పెట్టుకుంటావా అని" అన్నాడు, అంతే. కానీ పొద్దున మైక్రోబస్సులో చోటు లేకపోతే, అలవాటుగా తన చెయ్యి నాకు అడ్డంగా పెట్టాడు, ఎవరూ తగలకుండా.

అతియాత్ కూడా మాట్లాడటం లేదు. నేను చేసింది చెప్పినందుకు ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. ఎందుకు మెచ్చుకోవాలి?

నవంబర్ 6, గురువారం

వార్డులో చివరి రోజు. దువ్వెనల రోజు.

పొద్దున ఉమ్ హాషిమ్‌ని అడిగి వంటింట్లోంచి పళ్లెం, రెండు గ్లాసుల టీ తెచ్చాను. పుదీనా వేసి, పంచదార బాగా వేసి. రేకు గ్లాసులే. అతియాత్ ముందు బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"ఏంటిది?" అంది.

"మగవాళ్ల వైపు ఇలా చేస్తారు. కొట్టుకుంటే."

"తర్వాత?"

"తప్పు చేసినవాళ్లు తల మీద ముద్దు పెట్టాలి."

"అంతేనా? నెత్తురొచ్చినా?"

"పన్ను ఊడినా."

"ఇన్నేళ్లూ మాకు సూదులేసి, వాళ్లు టీలు తాగుతున్నారా!" అంది. వార్డంతా మా చుట్టూ చేరింది. మూలనుంచి ఎవరో "నాకూ నలుగురితో సంధి ఉంది, నాలుగు గ్లాసులు పెట్టండి" అన్నారు. ఉమ్ హాషిమ్ "పంచదార మీ బాబు పంపాడా?" అంది.

లేచి అతియాత్ తల మీద, వెనకవైపు, ఆ చోట ముద్దు పెట్టాను. కొత్త జుట్టు గరుగ్గా మొలుస్తోంది. ఆమె టీ తాగింది. అంతా తాగి, అడుగున ఉన్న పుదీనా ఆకు కూడా నమిలింది.

"అయిపోలేదు" అంది. చెయ్యి చాపింది. "దువ్వెన."

వాళ్ల చేతికి ఇవ్వకూడదు. తాడు నా నడుముకే కట్టి ఉంది. ఉమ్ హాషిమ్ వైపు చూశాను. ఆమె నడవాలోకి తొంగిచూసి, తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

తాడు విప్పలేదు. తాడుతో సహా దువ్వెన ఆమె చేతిలో పెట్టి, నేల మీద కూర్చుని ఆమె మోకాళ్లకి వీపు ఆనించాను. నా ముసుగు తీసింది. నా జడ విప్పింది. జుట్టంతా గుప్పిటలోకి తీసుకుంది. ఒక చుట్టు చుట్టింది. నా మెడ దానంతటదే బిగుసుకుపోయింది. కళ్లు మూసుకున్నాను. లాగితే లాగనీ అనుకున్నాను.

లాగలేదు. వదలా లేదు. అలా ఎంతసేపు పట్టుకుందో తెలియదు.

తర్వాత చుట్టు విప్పి, కొసల దగ్గర మొదలుపెట్టింది. చిక్కు తీయడం తెలిసిన మనిషి. ఏడేళ్ల పిల్లకి తల దువ్వినట్టు దువ్వింది.

"నొప్పెడితే చెప్పు" అంది. "గట్టిగా చెప్పు. నాకు వినబడాలి."